నెలకో సూది

గోదావరికి వరదొస్తే కోనసీమ లంకల్లో ముందుగా తెగేది దారి. కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది. పి.గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక, బూరుగులంక వాళ్లు పడవెక్కితే తప్ప బయటికి రాలేరు. సఖినేటిపల్లి రేవులో పంటు ఆపేస్తారు. బీపీ మాత్రలో షుగరు మాత్రలో అయితే నెలకు సరిపడా ముందే తెచ్చి ఇంట్లో పెట్టుకుంటారు. రోజూ ఆసుపత్రికి వెళ్లి నర్సు ఎదుట వేసుకోవాల్సిన మందైతే? నల్లమందు జాతి మత్తుకు బానిసలై, దాన్నుంచి బయటపడాలనుకునేవారికి మన దేశంలోని అనేక ప్రభుత్వ కేంద్రాల్లో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి అదే.

గసగసాల కాయకు గాటు పెడితే కారే పాల నుంచి నల్లమందు వస్తుంది. దాన్నుంచి మార్ఫిన్, మార్ఫిన్ నుంచి హెరాయిన్. ట్రమడాల్, ఫెంటనిల్ పూర్తిగా ప్రయోగశాలలో పుట్టినవి. అన్నింటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. గోదావరి సీమకు ఇది పాత పరిచయమే. బ్రిటిషువారి కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో నల్లమందు ఎక్కువగా వాడే జిల్లాల్లో గోదావరి ఒకటి. మన్యం జ్వరాలకు అది విరుగుడని జనం నమ్మేవారు. ఇక ఇప్పటి సంగతి: కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ వైద్యులు చేసి, 2019లో వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. అలవాటు ముదిరి వైద్యసాయం అవసరమైనవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

రాజోలు వైపు ఒక దింపు కార్మికుణ్ణి ఊహించుకుందాం. కొబ్బరిచెట్టు దిగుతూ జారాడు, నడుం పట్టేసింది. ఎవరో ట్రమడాల్ ఇచ్చారు. నొప్పి పోయింది, పనిలోకి వెళ్లాడు. కొన్నాళ్లకు ఒకటి చాలక రెండు, తర్వాత నాలుగు. ఒకరోజు మాత్ర దొరకలేదు. ఆవలింతలు, కళ్ల వెంట నీళ్లు, ఒళ్లంతా గగుర్పాటు, విరేచనాలు, నిద్ర లేని రాత్రి. ఇప్పుడతను మాత్ర వేసుకుంటున్నది నొప్పికి కాదు, ఆ బాధ రాకుండా ఉండటానికి. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది ఇలాంటి వాడకం పెరిగిపోవడం వల్లే.

ఇలాంటి మనిషిని పది రోజులు గదిలో ఉంచి మాన్పించేస్తే సరిపోతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. అది ప్రమాదకరమైన నమ్మకం. మానేసిన కొద్దిరోజుల్లోనే శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది, కోరిక మాత్రం మెదడులో అలాగే ఉంటుంది. బయటికొచ్చి మునుపటంత వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే వైద్యులు ఉత్త మాన్పించడంతో ఆగరు, దీర్ఘకాలం మందు ఇస్తారు. ఆ మందుల్లో ముఖ్యమైనది బ్యూప్రెనార్ఫిన్.

దీన్ని 1966లో ఇంగ్లండులో రెకిట్ అండ్ కోల్మన్ కంపెనీ రసాయనవేత్తలు తయారుచేశారు. మూలపదార్థం మళ్లీ గసగసాల మొక్కలోదే, పేరు థీబెయిన్. ఓపియాయిడ్లన్నీ మెదడులో మ్యూ అనే గ్రాహకాలకు అతుక్కుని పనిచేస్తాయి. బ్యూప్రెనార్ఫిన్ వాటికి మిగతావాటికంటే గట్టిగా అతుక్కుంటుంది, నెమ్మదిగా వదులుతుంది, కానీ వాటిని కొంతమేరకే పనిచేయిస్తుంది. పోలిక చెప్పాలంటే, కాలువ మీది లొల్ల లాకుల దగ్గర తలుపు పూర్తిగా దించేస్తే కింది కాలువ ఎండిపోతుంది, మొత్తం ఎత్తేస్తే గట్టు తెగుతుంది. ఈ మందు తలుపును సగానికి ఎత్తి అక్కడ బిగిస్తుంది. మానేసిన బాధ ఉండదు, మత్తూ ఎక్కదు. మోతాదు పెంచినా ఒక హద్దు దాటాక ఊపిరి మీద దాని ప్రభావం పెద్దగా పెరగదు. పైన హెరాయిన్ తీసుకున్నా చోటు దొరకదు గనుక అది చాలావరకు వృథా అవుతుంది. మద్యంతోనో నిద్రమాత్రలతోనో కలిస్తే మాత్రం ఇదీ ప్రాణాపాయమే.

చిక్కల్లా వాడే తీరులో. మింగితే కాలేయంలోనే చాలా భాగం వృథా అవుతుంది కాబట్టి నాలుక కింద పెట్టుకోవాలి. కరిగేదాకా ఐదు పది నిమిషాలు మాట్లాడకూడదు, ఉమ్మి మింగకూడదు. బయట అమ్ముకుంటారేమోనని కొన్నిచోట్ల నర్సు మాత్రను పొడి చేసి నాలుక కింద వేసి, కరిగిందో లేదో నోరు తెరిపించి చూస్తుంది. ఇది ప్రతిరోజూ. కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది, దారిలో ‘రోజూ ఎక్కడికిరా’ అని అడిగేవాళ్లు ఉంటారు. చిన్న ఊళ్లో ఆ ప్రశ్నే చాలామందిని చికిత్సకు దూరం చేస్తుందని నా అభిప్రాయం.

నెలకో సూది అవసరం ఇక్కడే. 2017 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ బ్యూప్రెనార్ఫిన్ నెల సూది సబ్లోకేడ్‌ను అనుమతించింది. మందును ఒక పాలిమర్‌తో కలిపి ద్రావణం చేస్తారు. ఆపరేషన్లలో కరిగిపోయే కుట్లు వేసే దారాలదీ ఈ పాలిమర్ జాతే. సిరంజిలో ఒకటిన్నర మిల్లీలీటర్లు, 300 మిల్లీగ్రాముల మందు. పొట్ట చర్మాన్ని వేళ్లతో పట్టి దాని కిందికి ఎక్కిస్తారు. లోపలి తేమ తగలగానే ద్రావణి విడిపోయి మందు చిన్న గడ్డగా గట్టిపడుతుంది, కొన్ని వారాలు చేతికి తగులుతుంది కూడా. పాలిమర్ అరిగేకొద్దీ మందు రక్తంలోకి దిగుతుంది. రెండు నెలలు 300, తర్వాత మామూలుగా నెలకు 100 మిల్లీగ్రాములు. రక్తనాళంలోకి పోతే అక్కడే గడ్డకట్టి ప్రాణం తీయగలదు. అందుకే ఈ సిరంజిని రోగి చేతికి ఇవ్వరు. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో వాడే మరో బ్యూప్రెనార్ఫిన్ సూది బువిడాల్ కొవ్వు పదార్థాల జెల్ రూపంలో ఉంటుంది, వారానికి ఒకటీ నెలకు ఒకటీ దొరుకుతాయి.

ఫలితాలు? బ్రిటన్‌లో 314 మందితో చేసి 2023లో ప్రచురించిన పరీక్షలో, 24 వారాల్లో నెల సూది తీసుకున్నవారు సగటున 123 రోజులు ఓపియాయిడ్లకు దూరంగా ఉన్నారు. రోజువారీ మందు వాడినవారు 104 రోజులు. అద్భుతమేమీ కాదు. కానీ ఆ 19 రోజులు ఒక కుటుంబానికి చిన్నవి కావు.

నాల్ట్రెక్సోన్ సూది వేరే రకం. అది గ్రాహకాన్ని పూర్తిగా మూసేస్తుంది, మొదలుపెట్టే ముందు వారం పది రోజులు మత్తుమందు లేకుండా ఉండాలి. 2018లో వెలువడిన ఒక అమెరికా పరీక్షలో నాలుగోవంతు మందికి పైగా ఆ గడప దాటలేకపోయారు.

ఇక ధర. సబ్లోకేడ్ అమెరికాలో విడుదలైనప్పుడు ఒక్కో సూది 1,580 డాలర్లు. ఆ ధరకు లంక గ్రామాల మాట ఎత్తడం అన్యాయం. కానీ సబ్లోకేడ్ తయారుచేసే ఇండివియర్ సంస్థకే చెందిన నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్ పొరకు హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ జెనెరిక్ తయారుచేసి, 2018లో అమెరికా అనుమతి పొంది, కోర్టు అడ్డంకి దాటి 2019లో మార్కెట్లో పెట్టింది. సూది విషయంలోనూ మన కంపెనీలు ఆ దారి పట్టాలని, ప్రభుత్వం కొనుగోలుకు ముందుకు రావాలని నేను కోరుకుంటున్నాను.

ఈలోగా నాలుక కింది మాత్ర ఉంది, అది బాగా పనిచేసే మందే. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం తానుగా చికిత్సకు వచ్చిన బాధితుడికి, సొంత వాడకం, కొద్దిమొత్తం కేసుల్లో విచారణ నుంచి రక్షణ ఉంటుంది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఎక్కడినుంచైనా ఫోన్ చేయవచ్చు. చేసేటప్పుడు వాడుతున్న మాత్రల అట్ట దగ్గర పెట్టుకోండి, పేరూ మోతాదూ చదివి చెప్పవచ్చు. బ్యూప్రెనార్ఫిన్ మొదటి మోతాదు మానేసిన బాధ మొదలయ్యాకే వేయాలి. ముందే వేస్తే ఆ బాధ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. కాబట్టి చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి.