పరదేశపు పండ్లును, పొలిమేర కావలియు

గుమ్మడిదలలో నర్సాపూరు బాటప్రక్కన నిలుచు పండ్ల బండ్లమీద మన ప్రాంతపు జామపండ్ల సరసనే యిప్పుడు అమెరికా ఆపిలుపండ్లును, న్యూజిలాండు కివిపండ్లును కానవచ్చుచున్నవి. గత వేసవి సెలవులు ముగిసిన పిదప ఒక విద్యార్థి మమ్ము ఇట్లడిగెను: "అయ్యా, అంత దూరమునుండి ఆ పండ్లు మన బండిమీదికి వచ్చుచున్నవి గదా! మా అక్కకొఱకు మా అమ్మ అమెరికాకు మోసికొనిపోయిన పండ్రెండు మామిడిపండ్లను అచ్చటి విమానాశ్రయమున ఏల తీసి పాఱవేసిరి? మన పండు వారి పండుకంటె తక్కువదా?"

ప్రశ్న న్యాయమైనది. ఆ తల్లి మనసెంత నొచ్చియుండునో చదువరులే యూహింపగలరు. దీనికి సమాధానము చెప్పుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

మొదట తెలిసికొనవలసినదేమనగా, నేరము పండుది కాదు. పండులో దాగి ప్రయాణము చేయు జీవిది. జామపండును కొఱికినప్పుడు లోపల తెల్లని పురుగును చూడనివారు మనలో నుండరు. అది పండు ఈగ పిల్ల. తల్లి యీగ పండుతొక్కను సూదివంటి యవయవముతో పొడిచి, లోపల గ్రుడ్లు పెట్టును. పైకి సన్నని చుక్క మాత్రమే కనబడును. ఒక్కొక్కప్పుడు అదియు కనబడదు. పురుగు లోపలి కండను తిని పెరిగి, నేల రాలి, మంటిలో కోశస్థదశను గడపి, రెక్కలతో వెలువడును. మామిడి టెంకపురుగు ఇంకను గడుసుది. అది టెంకలోపలనే యుండును గావున, పండు తిన్నవానికి సయితము దాని జాడ తెలియకపోవచ్చును. ఐగుప్తు మీదికి తూర్పుగాలితో వచ్చిన మిడుతలను అందఱును కన్నులార చూచిరని మన బాలురు వేదపాఠములలో చదివియున్నారు. ఈ పురుగులు అట్లు చాటి రావు. పెట్టెలో పరిమళించు పండులో గూర్చుండి వచ్చును. టెంకను ఎవరో పెరటిలో పాఱవేసిన చాలును, కొత్త దేశమున దానికి కాపురము కుదురును. స్వదేశములో దానిని తిని యదుపులో నుంచు శత్రుకీటకములు అచ్చట నుండవు.

2020వ సంవత్సరమున మహమ్మారి వచ్చినప్పుడు "క్వారంటైను" అను మాటను మన పల్లెలలోని ముసలివారును నేర్చికొనిరి. ప్లేగు భయమువలన ఆద్రియా సముద్రపు రేవులలో నావలను మొదట 30 దినములును, తరువాత 40 దినములును దూరముగా నిలుపుటనుండి ఆ మాట పుట్టినది. మనుష్యులకు ఏర్పడిన యీ కట్టుబాటు మొక్కలకును వచ్చుటకు ద్రాక్ష కారణమాయెను. 1860 ప్రాంతమున అమెరికా ద్రాక్షతీగెలతో ఫిలోక్సెరా అను చిన్న పురుగు ఫ్రాన్సు దేశమునకు చేరి, వేళ్లను పట్టి తోటలకు తోటలనే నాశనము చేసినది. అప్పుడు ఐరోపా రాజ్యములు 1878లో బెర్ను నగరమున కూడి, తొలి ఒడంబడిక చేసికొనినవి. మన దేశమున 1914లో వినాశకర కీటకముల చట్టము పుట్టినది. 1951లో పలు దేశములు కలిసి అంతర్జాతీయ సస్యరక్షణ ఒడంబడికను ఏర్పరచుకొనినవి. ఇప్పుడు భారతదేశమునకు విదేశపు పండ్లను తెచ్చువారందఱును 2003 నాటి సస్య క్వారంటైను ఉత్తరువునకు లోబడవలయును.

ఆ యుత్తరువు చెప్పునది స్థూలముగా నిది. ఏ దేశమునుండి ఏ పండు రావచ్చునో ముందే పట్టికలో నుండవలయును. పట్టికలో లేని పండును ఎవరైన తేగోరినచో, ఆ దేశమున దానిని పట్టు పురుగులెవ్వి, తెగుళ్లెవ్వి, అవి మన దేశమున బ్రదుకగలవా, బ్రదికిన నష్టమెంత అని శాస్త్రజ్ఞులు ముందుగా విచారింతురు. వర్తకుడు అనుమతిపత్రము పొందవలయును. పంపు దేశపు ప్రభుత్వాధికారి సరకును పరీక్షించి సస్యారోగ్య ధ్రువపత్రము వ్రాసి యియ్యవలయును. వర్తకుని మాట యిందుకు చాలదు. ఇది యొక రాజ్యము మఱియొక రాజ్యమునకు ఇచ్చు మాట. సరకు నిర్ణయింపబడిన రేవులలోనే దిగవలయును. అచ్చట మన యధికారులు పెట్టెలు తెఱచి, కొన్ని పండ్లను కోసి, భూతద్దముతో చూతురు. బ్రదికియున్న పరదేశపు పురుగు కనబడెనా, సరకునకు పొగపెట్టుటయో, తిరిగి పంపుటయో, నాశనము చేయుటయో జరుగును. ఆ ఖర్చు తెచ్చినవానిదే. పండుమీద అంటించు చిన్న అంకెల చీటిని చూచి ఇది పరీక్షకు గుర్తని కొందఱు తలతురు. అది అంగడివారి లెక్కకొఱకు మాత్రమే.

ఇక చికిత్స మాట. మధ్యధరా ప్రాంతపు పండు ఈగ మన దేశమున లేదు, రాకుండవలయును. అది యున్న దేశములనుండి వచ్చు పండ్లను 0 డిగ్రీలకు మించని చలిలో 10 దినములు ఉంచవలెనని యొక విధి కలదు. కొంచెము తక్కువ చలియైనచో దినముల సంఖ్య పెరుగును. ఆపిలు ఆ చలిని ఓర్చును. లోపలి పురుగు ఓర్వలేదు. మామిడి యట్టి చలికి నల్లబడి చెడును గనుక దానికి వేఱు మార్గము వెదకవలసివచ్చినది. జపాను వారు మన మామిడిని ఇరువది సంవత్సరములు నిలిపి, 2006లో మరల రానిచ్చిరి. పండు నడిమిభాగము 47.5 డిగ్రీల వేడి పొంది 20 నిమిషములు ఉండునట్లు ఆవిరి పట్టవలెనని నియమము. ఆ యనుమతి పొందిన రకములలో మన బంగినపల్లియు నొకటి. అమెరికావారు 2007లో ఒప్పుకొనిరి. వారికి పంపు పండ్లను మహారాష్ట్రములోని లాసల్‌గావ్‌లో 400 గ్రేల కిరణములకు గుఱిచేసి పంపిరి. ఆ కిరణములచేత పురుగు వెంటనే చావనక్కఱలేదు. ఎదిగి సంతతిని పెంచు శక్తి దానికి నశించును, అంతియే చాలును.

మన విద్యార్థి ప్రశ్నకు సగము సమాధానము ఇచ్చటనే దొరకినది. అమెరికా అంగడిలో మన మామిడి యమ్మబడుచున్నది. తల్లి సంచిలోని మామిడికి మాత్రము ఆ చికిత్సయు లేదు, ఆ పత్రమును లేదు. రుచిలో అది మేలుదే కావచ్చును. అధికారి చూచునది రుచి కాదు.

ఈ కట్టుబాట్లు మనలను నొప్పించిన సందర్భములును కలవు. 2013లో 207 సరకులలో పురుగులు కనబడినవని ఐరోపా సమాజము 2014 మే 1 మొదలు మన మామిడిని, దానితోపాటు వంగ, కాకర, పొట్ల, చేమలను ఆపివేసినది. మన యెగుమతి కేంద్రములలో తనిఖీ బాగుపడిన తరువాత 2015లో మామిడికి తలుపు తెఱచిరి. మనమును ఊరకుండలేదు. చైనా ఆపిలు, పియరు పండ్లను 2017లో నిలిపితిమి. ఇరాను కివిపండ్లలో పొలుసుపురుగు పదేపదే దొరకుటచే 2021 డిసెంబరులో వానిని నిలిపితిమి. పురుగు పేరు చెప్పి తమ రైతుల ధరలను కాపాడుకొను రాజ్యములు లేవని మేము చెప్పజాలము. అందుచేతనే 1995లో అమలులోనికి వచ్చిన ప్రపంచ వాణిజ్య ఒప్పందమున, ఇట్టి నిషేధమునకు శాస్త్రీయమైన ఆధారము చూపవలెనను నియమమును చేర్చిరి.

కావలి తప్పిన ఫలమును చూచుటకు దూరము పోనక్కఱలేదు. మన పాఠశాల కంచెవెంట తెల్లని పూలతో పెరుగు వయ్యారిభామను చూడుడు. అమెరికా ఖండములనుండి, గోధుమలతో కలిసి, ఆ గింజ వచ్చినదని పలువురి మతము. 1955 ప్రాంతమున పూనాలో కనబడిన యా మొక్క నేడు దేశమంతట వ్యాపించి, తాకినవారికి దురదయు, కొందఱికి ఉబ్బసమును కలిగించుచున్నది. 2015లో బెంగుళూరున బొప్పాయిమీద నల్ల తామరపురుగు అను ఆగ్నేయాసియా కీటకమును మొదట గుర్తించిరి. ఆఱేండ్లు గడచినవి. 2021లో అది గుంటూరు, ఖమ్మము, వరంగల్లు మిరపచేలమీద పడినది. పూతలోనే చేరి కాయ నిలువనీయని యా పురుగునకు మందు కొట్టి కొట్టి విసిగి, పైరును పెఱికివేసిన రైతులు మన రాష్ట్రమున నున్నారు. వారి యప్పుల ముందు పండ్రెండు మామిడిపండ్ల నష్టమెంత?

మన సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరువునందు 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ ఈ కావలికి మంచి యుదాహరణము. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మొదలగువాని రకములను లోకమంతటినుండి సేకరించి, 1,20,000కు మించి యచ్చట భద్రపఱచియున్నారు. అయినను వచ్చిన విత్తనమును నేరుగా పొలమున చల్లరు. రాజేంద్రనగరములోని జాతీయ సస్య జన్యు వనరుల సంస్థవారు దానిని పరీక్షింతురు. పిమ్మట ప్రత్యేకముగా వేఱుపఱచిన మడిలో పెంచి, తెగులు లేదని తేలిన మొక్కల విత్తనమునే విడుదల చేయుదురు. శాస్త్రజ్ఞులకే యింత కట్టుబాటు విధింపగా, స్వదేశమునుండి పూలకొమ్మలను ప్రేమతో తెచ్చు మన మిషను అతిథులు తమకు మాత్రము మినహాయింపు కోరరని నమ్ముచున్నాము.

కరివేపాకును గుఱించి యొకమాట. తల్లులు దానిని బట్టలమడతలలో పెట్టి తీసికొనిపోవుదురు. నిమ్మజాతి చెట్లకు పచ్చతెగులును మోయు చిన్న కీటకము కరివేపమీదను బ్రదుకును. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో కనబడినది. దానివలనను తుపానులవలనను అచ్చటి నారింజపంట రెండు దశాబ్దములలో పదియవ వంతునకంటెను దిగజారినది. కాబట్టి పచ్చి యాకును చూచిన యధికారికి అది వంటదినుసుగా కనబడదు. దాచక చెప్పినచో వస్తువును మాత్రము తీసికొందురు. దాచి దొరకినచో జుల్మానా వేయుదురు.

ఉప్పు, కారము, నూనెలలో ఊరిన ఆవకాయకు ఈగ భయము లేదు. అయినను అదియు సంచిలో నున్నదని ముందే చెప్పుట మంచిది. ఆ విద్యార్థి తల్లి యీసారి జాడీలో ఆవకాయ పెట్టుకొని, కరివేపాకును ఇంటనే విడిచి ప్రయాణమైనదని మొన్న వాడు వచ్చి మాతో చెప్పెను.