ఇంటికి ఒక్క ఫోను

ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో చాలా ఇళ్లలో పిల్లల చదువుకు నెట్ అంటే నాన్న ఫోనే. నేనిక్కడ గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా ఎనిమిదో తరగతిలోని ఒక పాప వాళ్లమ్మ చెక్క గరిటెల్ని ఆకురాయితో నున్నగా రుద్దుతుంది. నాన్న పొద్దున్నే ఫోను జేబులో వేసుకుని పనికి పోతాడు. నేను గ్రూపులో పెట్టిన వీడియో ఆ పాప రాత్రికి గాని తెరవదు. అప్పటికి ఆ రోజు డేటా అయిపోయి, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

28 రోజుల రీచార్జి అంటే ఏడాదికి 13 సార్లు. 2024 జులైలో పెద్ద కంపెనీలు రేట్లు పెంచాయి. కూలి దొరకని నెలలో ముందు ఆగేది రీచార్జే.

నెట్ లేకుండానూ పాఠాలు అందించొచ్చు. 2020లో బడులు మూసినప్పుడు దూరదర్శన్ సప్తగిరి పాఠాలు ప్రసారం చేసింది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ఇచ్చిన ట్యాబుల్లో పాఠాలు ముందే ఎక్కించారు. నెట్ లేకున్నా తెరుచుకునేవి. సిగ్నల్ అందని ఊళ్లకు అదే మేలని నా గట్టి నమ్మకం.

కానీ బాగా చదివే పేద పిల్లలకు ఏడాదికి 12,000 రూపాయలొచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ దరఖాస్తుకు నెట్ కావాల్సిందే. సాయంత్రం ఆరు దాకా బడిలో వైఫై ఇచ్చి, ఒక టీచరు తోడుంటే ఇంట్లో నెట్ అందని పిల్లలకు దారి దొరుకుతుంది. ఆ టీచరుగా కూర్చోవడానికి నేను సిద్ధం.