పాత ట్రాలీ కొంటున్నారా? బండి ధర కాదు, రోడ్డెక్కే ధర లెక్కేయండి

జనగామలో కూరగాయల లోడు, కేసముద్రం మార్కెట్‌కు మిర్చి బస్తాలు, భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లకు ఇంటి సామాను, ఊరూరా వాటర్ క్యాన్లు, షామియానాలు. ఈ పనులన్నిటికీ చిన్న ట్రాలీ బండే ఆధారం. 2005లో టాటా ఏస్ వచ్చింది. మనవాళ్లు 'ఛోటా హాథీ' అని పిలుచుకునే ఆ బండి, దాని వెనక వచ్చిన మిగతా ట్రాలీలు చాలా ఇళ్లకు రోజీ రోటీ అయ్యాయి. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు సెకండ్ హ్యాండ్ చూస్తారు. అందులో తప్పేమీ లేదు. తిప్పలు వచ్చేది లెక్క దగ్గర.

మనలో చాలామంది బేరం ఆడేది బండి ధర మీద ఒక్కటే. "సింగిల్ హ్యాండ్ భాయ్, ఇంజన్ సీల్ కూడా తియ్యలేదు" అని అమ్మేవాడు అంటాడు. పది వేలు తగ్గించగానే గెలిచాం అనుకుంటాం. చేతిలో ఉన్నదంతా అక్కడే అయిపోతుంది. తర్వాత మెకానిక్ ఇంజన్ దింపాలి అంటాడు. బండి షెడ్డులో ఉంటుంది, ఇంటి బంగారం కుదువకు పోతుంది, గిరిగిరి ఫైనాన్స్ వాడు రోజూ సాయంత్రం గుమ్మం ముందు నిలబడతాడు. వడ్డీకి దూరంగా ఉండాలనుకున్న ఇల్లు వడ్డీలో పడేది సరిగ్గా ఇక్కడే. అందుకే బయానా ఇవ్వకముందే మొత్తం లెక్క కాగితం మీద పెట్టాలి.

మొదట కాగితాలు

నంబర్ ప్లేటు చూస్తేనే వయసు కొంత తెలుస్తుంది. ఏపీ 36 అంటే తెలంగాణ రాకముందు, ఉమ్మడి వరంగల్ జిల్లాలో రిజిస్టర్ అయిన బండి. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక భూపాలపల్లికి టీఎస్ 25, మహబూబాబాద్‌కు టీఎస్ 26, జనగామకు టీఎస్ 27 వచ్చాయి. టీజీ అని మొదలైతే 2024 మార్చి తర్వాతది. తయారైన నెల, సంవత్సరం మాత్రం ఆర్సీలోనే చూడండి.

వయసు ఎందుకంటే, ఫిట్‌నెస్ దాని మీదే ఆధారపడుతుంది. సరుకు రవాణా బండికి 8 ఏళ్ల లోపైతే రెండేళ్లకోసారి, 8 ఏళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. బండి పాతబడేకొద్దీ ఫీజు కూడా పెరుగుతుంది. ఫిట్‌నెస్ గడువు దాటితే రోజుకు 50 రూపాయల చొప్పున అదనపు రుసుము వేసే నిబంధనను కేంద్రం 2016 చివర్లో తెచ్చింది. 2022లో హైదరాబాద్‌లో ఆటో, క్యాబ్ సంఘాలు సమ్మెకు దిగింది దీని మీదే. ఏడాదిగా మూల పడి ఉన్న బండి చవగ్గా దొరికిందంటే, 365 రోజులకు ఆ ఒక్క పద్దు కిందే 18,250 రూపాయలు అవుతుంది. ఈ రోజు ఎంత కట్టాలో ఆర్టీఏ ఆఫీసులో అడిగి రాసుకోండి.

ఇంకో నాలుగు సంగతులు చూడాలి: పెండింగ్ చలాన్లు, పన్ను బకాయి, ఇన్సూరెన్స్ గడువు, ఆర్సీలో ఫైనాన్స్ పేరు. ఫైనాన్స్ ఉంటే, ఆ కంపెనీ ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవారి సంతకాలు కావాలి. ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఇన్సూరెన్స్ మార్పిడికి కొన్నవారికి ఉన్న గడువు 14 రోజులే. "తర్వాత చూద్దాంలే" అంటే అమ్మినవారికీ ప్రమాదమే. యాక్సిడెంట్ జరిగితే రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో వాళ్లనే చట్టం యజమానిగా చూస్తుందని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది.

బండి పైన కాదు, కింద చూడండి

దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ఒక ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిందనీ, తడిసినది పైకి కనిపించేలా ఎందుకు పెట్టలేదని అమ్మేవాణ్ణి నిలదీశారనీ హదీసు మనందరికీ తెలిసిందే. పాత బండిలో ఆ తడి ఉండేది ఛాసిస్ కింద. కొత్త పెయింట్, కొత్త సీటు కవరు చూసి మురిసిపోవద్దు. మీకు తెలిసిన మెకానిక్‌కు ఒక పూట కూలి ఇచ్చి తీసుకెళ్లండి. అమ్మేవాడి మెకానిక్ మాట లెక్కలోకి రాదు.

బండిని ఎత్తించి ఛాసిస్‌కు వెల్డింగ్ అతుకులున్నాయా, కమాన్ పట్టీలు బిగించే చోట పగుళ్లున్నాయా చూడాలి. ఓవర్ లోడు దెబ్బ మొదట తగిలేది అక్కడే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే అనుమానించండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, అంటే బోరు పని ఉండొచ్చు. నల్ల పొగ అయితే డీజిల్ లేదా గాలి సరఫరాలో తేడా. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ తన్నినా మంచి సూచన కాదు. కొంత బరువు వేసి గట్టు ఎక్కించి చూడండి. క్లచ్ సంగతి ఖాళీ బండిలో తెలియదు.

తొట్టి పక్క రేకుల ఎత్తు పెంచి, వెనక పొడిగించిన బండి అయితే జాగ్రత్త. ఆర్సీలో ఉన్న రూపానికి మార్పు చేయడం మోటారు వాహన చట్టం సెక్షన్ 52కు విరుద్ధం. ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు దాన్ని కోయించే ఖర్చు మీదే.

కొన్ని వస్తువులకు చూపు కాదు, వయసు ముఖ్యం. టైరు పక్కన అంకెల్లో చివరి నాలుగు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడి బాగున్నా రబ్బరు ముసలిదే. రీబటన్ టైరు వేశారా అన్నదీ చూడాలి. సముద్రంలో తిరిగే పాత తెరచాప పడవలు కొనేవాళ్లదీ ఇదే పద్ధతి. ముందు సర్వేయర్‌ను పెట్టి, పడవను నీళ్లలోంచి ఎత్తించి అడుగు చూపిస్తారు. తెరచాప కొయ్యను పట్టి ఉంచే తీగలు మెరుస్తున్నా, పదేళ్లు దాటితే మార్చే ఖర్చు లెక్కలో రాసుకుంటారు. కంటికి బాగుంది కదా అని ఆ పద్దు వదిలేయరు.

అంచనా ఎలా వేయాలి?

మెకానిక్ "అంతా కలిపి ఓ యాభై అవుతుంది" అంటే అది అంచనా కాదు. పని వారీగా, సామాను వేరు, లేబర్ వేరు రాయించండి. కనీసం రెండు చోట్ల అడగండి. ఇంజన్ పని, లేత్ పని వరంగల్‌లో చేయించాల్సి వస్తే బండిని లాగించే ఖర్చు కూడా కలపాలి. డెంటింగ్, పెయింటింగ్ వేరే మేస్త్రీ పని కాబట్టి వేరే రాయించాలి.

ఆ పైన రెండు పద్దులు తప్పనిసరిగా చేర్చాలి. ఒకటి, పని ఖర్చులో ఐదో వంతు రిజర్వు. విప్పాక గానీ తెలియని పనులు ఎప్పుడూ ఉంటాయి. రెండు, బండి షెడ్డులో ఉన్న రోజుల సంపాదన.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి పద్ధతి అర్థం కావడానికి వేసుకున్న అంకెలే. మీ బండికి మీ అంకెలు వేసుకోవాలి.

అడుగుతున్న ధర: 2,10,000
ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, బకాయిలు, పేరు మార్పిడి: 32,000
ఇంజన్, క్లచ్: 38,000
టైర్లు, బ్యాటరీ: 20,000
కమాన్ పట్టీలు, బ్రేకులు: 17,000
తొట్టి రేకు, వెల్డింగ్, పెయింటింగ్: 28,000
వైరింగ్, లైట్లు: 5,000
రిజర్వు (1,08,000 పనులపై ఐదో వంతు): 21,600
20 రోజులు ఖాళీ, రోజుకు 700 చొప్పున: 14,000
మొత్తం: 3,85,600

ఇప్పుడు ఇదే మోడల్, దాదాపు అదే వయసు, కాగితాలన్నీ సరిగా ఉండి, వెంటనే లోడు వేసుకునే బండి పేరు మార్పిడితో కలిపి 3,20,000కు దొరుకుతోందనుకుందాం. చవక అనుకున్న బండి 65,600 ఎక్కువ పడింది. లెక్క తిరగేయండి: 3,20,000లోంచి ధర కాని ఖర్చులన్నీ, అంటే 1,75,600 తీసేస్తే 1,44,400 మిగులుతుంది. ఆ బండికి మీరు ఇవ్వగలిగింది అంతే. అమ్మేవారు 1,80,000కు దిగొచ్చినా సలాం చెప్పి వచ్చేయడమే లాభం.

డబ్బు తక్కువైతే ఏది ముందు?

లెక్క కుదిరినా చేతిలో డబ్బు ఒకేసారి లేకపోవచ్చు. అప్పుడు పనులను మూడుగా విడగొట్టండి. బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, లైట్లు ప్రాణానికి సంబంధించినవి. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ లేకుండా రోడ్డెక్కకూడదు. ఇవి వాయిదా వేయొద్దు. ఇంజన్, క్లచ్ రెండో వరుస: ఎంతకాలం లాగుతుందో మెకానిక్‌ను అడిగి తేదీ పెట్టుకోండి. పెయింటింగ్, సీట్లు, పాటల బాక్సు చివర. మన దగ్గర చాలాసార్లు ఇది తలకిందులవుతుంది, పెయింట్ ముందు, బ్రేకు తర్వాత.

ఖర్జె హసన అడగాల్సి వచ్చినా ఈ కాగితమే పనికొస్తుంది. "ఎంతైతే అంత ఇవ్వండి" అని అడగడం కంటే, ఏ పనికి ఎంత, నెలకు ఎంత తిరిగి ఇస్తానో చూపిస్తే ఇచ్చేవారికీ నమ్మకం, తీసుకున్నవారికీ మర్యాద. ఇంట్లో ఆడవాళ్లకు కూడా ఆ లెక్క చూపించండి. బంగారం ఇచ్చేది వాళ్లే కదా.

పని అయ్యాక బిల్లులు, వారంటీ కార్డులు, మార్చిన సామాను తేదీలు ఒక నోటు పుస్తకంలో పెట్టుకోండి. కొన్నేళ్లకు ఆ బండి మీరే అమ్ముతారు. అమ్మేవారు, కొనేవారు నిజం చెప్పుకుని లోపాలు దాచకుండా ఉంటే ఆ వ్యాపారంలో బరకత్ ఉంటుందని మన ధర్మం నేర్పుతోంది. ఆ రోజు తాళం చెవితో పాటు నోటు పుస్తకం కూడా కొనేవారి చేతిలో పెట్టండి. ఏమేం చేయించారో, ఏం చేయించలేదో రెండూ అందులో ఉండాలి.