కణం కట్టు తప్పితే

మానవ దేహంలోని అంతర్గత అవయవాలలో కాలేయం అతి పెద్దది. కాలేయ క్యాన్సరు పుట్టిన చోటనే చిన్న గడ్డగా ఉన్నంతవరకు శస్త్రచికిత్సతో తొలగించే అవకాశం ఉంటుంది. వ్యాపించిన తరువాత చికిత్స కఠినమవుతుంది. స్థిరంగా ఉండవలసిన కణం సంచరించడానికి కారణమేమిటి? ఈ ప్రశ్నకు ముఖ్యమైన సమాధానం జన్యు నియంత్రణలో లభిస్తుంది.

ప్రోటీన్ల తయారీకి ఆదేశాలిచ్చే జన్యువులు మానవునిలో దాదాపు 20,000 ఉన్నాయి. కాలేయ కణంలోను, చర్మ కణంలోను ఉన్నవి అవే. గ్రంథం ఒకటే అయినా చదివే అధ్యాయాలు వేరు. ఏ జన్యువు పని చేయాలో, ఏది మౌనం వహించాలో నిర్ణయించే ఏర్పాటే జన్యు నియంత్రణ.

కాలేయ కణాలను ఒకదానితో ఒకటి అంటిపెట్టి ఉంచే ప్రోటీను ఇ-క్యాడ్‌హెరిన్. గర్భస్థ పిండం రూపుదిద్దుకొనేటప్పుడు కొన్ని కణాలు చోటు మారవలసి ఉంటుంది. అప్పుడు స్నెయిల్, ట్విస్ట్ అనే ప్రోటీన్లు ఆ బంధాన్ని సడలిస్తాయి. క్యాన్సరు కణం ఆ పాత విద్యనే అకాలంలో మేల్కొలుపుతుంది. ఇ-క్యాడ్‌హెరిన్ జన్యువు మూగబోతుంది. విడివడిన కణాలు రక్తనాళాలలో ప్రవేశించి, కాలేయంలోనే మరొక భాగానికో, ఊపిరితిత్తులకో చేరుతాయి.

జన్యువుల సందేశాలను అదుపు చేసే మైక్రో ఆర్.ఎన్.ఎ. అనే సూక్ష్మ అణువులు కూడ ఉన్నాయి. వీటిలో మొదటిదానిని ఒక చిన్న పురుగులో గుర్తించి 1993లో ప్రకటించిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి లభించింది. కాలేయంలో సమృద్ధిగా ఉండే 122వ మైక్రో ఆర్.ఎన్.ఎ. పొడవు 22 అక్షరాలు మాత్రమే. వ్యాపించే కాలేయ క్యాన్సరులో ఇది తరచు క్షీణిస్తుంది. దీనిని తొలగించిన ఎలుకలకు కాలేయ క్యాన్సరు వచ్చినట్లు 2012లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి. అంత చిన్న అణువు అంతటి కాపలాదారు!

ఈ క్రమశిక్షణను బయటి శత్రువులు కూడ భంగపరుస్తాయి. హెపటైటిస్-బి వైరస్ తయారు చేసే ‘ఎక్స్’ ప్రోటీను, ఇ-క్యాడ్‌హెరిన్ జన్యువుపై రసాయన ముద్రలు పడేటట్లు చేసి దానిని అణచివేయగలదు. అయితే ఈ వైరస్‌ను టీకాతో నివారించవచ్చు. తైవాన్ 1984లో శిశువులకు ఈ టీకా ప్రారంభించగా, అక్కడ పిల్లలలో కాలేయ క్యాన్సరు తగ్గుముఖం పట్టింది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ స్వదేశీ టీకాను తక్కువ ధరకు అందించింది.

కట్టు తప్పిన కణాన్ని తిరిగి దారికి తేవడం దుష్కరం. కట్టు తప్పకుండా ముందే కాపాడుకొనడం మాత్రం చాలవరకు మన చేతిలోనే ఉన్నది.