చెరకు తోటకు చేరే పదకొండు వేల వోల్టులు

జహీరాబాద్ చుట్టుపక్కల చెరకు, అల్లం, ఆలుగడ్డ చేలకు నీళ్లు ఎక్కువగా బోర్లవే. బోరు నడవాలంటే త్రీఫేజ్ కరెంటు కావాలి. అది రావాల్సింది చేను గట్టున, రెండు స్తంభాల నడుమ గద్దె మీద కూర్చున్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచే. తిరిగే చక్రం ఒక్కటీ లేని యంత్రం! పనిచేస్తోందని చెప్పేది సన్నటి రొద మాత్రమే.

దీని పుట్టుక 1831 నాటిది. లండన్‌లో మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయానికి ఇరువైపులా రెండు తీగచుట్టలు చుట్టాడు. ఒకదానిలో కరెంటు పెట్టినప్పుడు, తీసినప్పుడు రెండోదానికి కలిపిన సూది కదిలింది. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ కదల్లేదు. అయస్కాంత క్షేత్రం మారుతుంటేనే రెండో తీగలో విద్యుత్తు పుడుతుందని అలా తేలింది. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ పెట్టిన పెర్ల్ స్ట్రీట్ కేంద్రం ఇచ్చింది డీసీ కరెంటు. అది దగ్గరి వీధులకే అందేది. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అనే ముగ్గురు ఇంజనీర్లు ఏసీతో నడిచే, వాడుకకు పనికొచ్చే ట్రాన్స్‌ఫార్మర్ చేసి చూపాక దూరమనే అడ్డు తొలగింది.

ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజి పెంచితే అంతే విద్యుత్తును తక్కువ ఆంపియర్లతో పంపొచ్చు. రామగుండం లాంటి పెద్ద కేంద్రంలో జనరేటర్ నుంచి ఇరవై వేల వోల్టుల చుట్టూ వచ్చే విద్యుత్తును 400 కేవీకి ఎత్తుతారు. వోల్టేజి ఇరవై రెట్లయితే ఆంపియర్లు ఇరవయ్యో వంతవుతాయి. అదే తీగలో వేడిగా పోయే నష్టం ఏకంగా నాలుగు వందలో వంతుకు పడిపోతుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశ గ్రిడ్‌లో కలిసింది కూడా ఈ సూత్రం మీదే.

అక్కణ్నుంచి సబ్‌స్టేషన్లలో 220, 132, 33 కేవీలుగా మెట్లు దిగి, 11 కేవీ ఫీడరుగా చేలల్లోకి వస్తుంది. ఆఖరి మెట్టు గట్టు మీది డబ్బాదే. 25 కేవీఏ రకంలో పైనుంచి లోపలికి వెళ్లేది 1.3 ఆంపియర్లు, 11,000 వోల్టులు. కిందికి వచ్చేది 33 ఆంపియర్లు, 433 వోల్టులు. రాగి లేదా అల్యూమినియం చుట్టలు నూనెలో మునిగి ఉంటాయి. పక్కన చిన్న గాజు గిన్నెలో సిలికా జెల్ గింజలు నీలంగా ఉన్నాయంటే లోపలికి పీల్చే గాలి పొడిగా ఉన్నట్టు. గులాబీ రంగుకు తిరిగాయంటే తేమ పట్టినట్టు, లైన్‌మన్ వాటిని మార్చాలి.

దీని ప్రాణం తీసేది వేడి. చుట్టల్లో అత్యంత వేడెక్కే చోట పరిమితి దాటి ప్రతి ఆరు డిగ్రీలకూ కాగితపు ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందని అంతర్జాతీయ ప్రమాణాల లెక్క. పోయిన కరెంటు తిరిగి రాగానే ఆటోస్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారే అందుకుంటాయి. మొదలయ్యే క్షణంలో ప్రతి మోటారూ మామూలుకు కొన్ని రెట్ల కరెంటు లాగుతుంది. ముందు ఫ్యూజులు పోతాయి. ఫ్యూజు స్థానంలో లావు తీగ కట్టేస్తే కాయిల్ కాలుతుంది. కాలిన కాయిల్ మార్చి తెచ్చేలోగా తడి ఆగిన అల్లం చేనుకు జరిగే నష్టం రైతుకే తెలుసు.

ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే ఈ అదనపు బరువుకు చవకైన మందు కెపాసిటర్. మోటారు సామర్థ్యం 80 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే 5 హెచ్‌పీ మోటారు లాగేది దాదాపు 5.8 కేవీఏ. అలాంటివి ఐదు కలిస్తే 29, అంటే 25 కేవీఏ డబ్బాకు మోయలేని బరువు. ఒక్కో స్టార్టర్ దగ్గర 2 కేవీఏఆర్ కెపాసిటర్ బిగిస్తే ఒక్కోటి 4.9కి దిగుతుంది. ఐదూ కలిపి 24.5.