అంచు మారే కటింగ్ ప్లేయర్

కరెంటు పని చేసేవాళ్ల కటింగ్ ప్లేయర్‌ను ఒకసారి తెరిచి వెలుతురుకు పట్టి చూడండి. కత్తిరించే అంచు మీద ఒకటో రెండో గుండ్రటి గంట్లు కనిపిస్తాయి. మెయిన్ ఆపకుండా ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి నొక్కినప్పుడు పడ్డ గంట్లవి. రెండు రాగి తీగలకూ ఉక్కు అంచు ఒకేసారి తగిలితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. దాదాపు 1,400 డిగ్రీలు దాటితేగానీ కరగని ఉక్కు ఆ మెరుపు వేడికి చిన్న బొట్టుగా కరిగి ఎగిరిపోతుంది. ఫ్యూజు పోయేలోపే గంటు పడిపోతుంది. దాన్ని కూడా వృథా పోనివ్వని పనివాళ్లున్నారు. తీగను ఆ గంటులో పెట్టి గుండ్రంగా తిప్పి, పైన ప్లాస్టిక్ ఒలుచుకుంటారు. (ఈ సదుపాయం కోసం ఎవరూ కావాలని గంటు పెట్టుకోవద్దు. మెరుపు ఎగిరేది కంటి వైపే.)

పాడైంది మహా అయితే అర సెంటీమీటరు. పిడులు బాగున్నాయి, కీలు బాగుంది, పట్టు బాగుంది. అయినా ప్లేయర్ మొత్తం మూలపడుతుంది. షేవింగ్ బ్లేడు మారుస్తాం, రంపం బ్లేడు మారుస్తాం, ప్లేయర్‌కు మాత్రం ఎందుకు మార్చలేం? ఈ ప్రశ్న చాలామందికి తట్టింది, జవాబులూ చాలా వచ్చాయి. కానీ హార్డ్‌వేర్ షాపులో ఇప్పటికీ అమ్ముడుపోతున్నది అంచూ దవడా ఒకే ముక్కగా, కొలిమిలో కాల్చి సాగగొట్టిన పాత ప్లేయరే. ఎందుకో తెలియాలంటే ముందు అది తీగను ఎలా తెంచుతుందో చూడాలి.

కత్తెరలో రెండు ఆకులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోతాయి. ప్లేయర్‌లో అలా జరగదు. రెండు అంచులూ ఎదురెదురుగా వచ్చి ఒకదాని మీద ఒకటి ఆగుతాయి. రెండు చీలలను చెరో వైపు నుంచి దిగగొట్టినట్టు అవి లోహంలోకి దిగి, దాన్ని పక్కలకు నెడతాయి. మధ్యలో సన్నటి పొర మిగిలేసరికి అది తట్టుకోలేక ఠక్కున తెగుతుంది. మందపాటి తీగ తెగినప్పుడు అరచేతికి తగిలే జర్కు అదే. సర్క్యూట్ బోర్డు మీద తీగల కొసలు కత్తిరించేవాళ్లకు ఈ జర్కు అంటే భయం. అది తీగ వెంట పరుగెత్తి సున్నితమైన భాగాన్నో, సోల్డరు అతుకునో చిట్లించగలదు. అందుకే వాళ్లు వాడే నిప్పర్లకు ఒక వైపు వాలు దాదాపు లేకుండా, అంచును చదునుగా సాన పడతారు. తెగిన చోటు శుభ్రంగా ఉంటుంది, జర్కు తగ్గుతుంది. కానీ సన్నటి అంచు కాబట్టి గట్టి తీగ తగిలితే ముందు చిట్లేదీ అదే.

బలం సంగతి చూద్దాం. కీలు నుంచి 12 సెంటీమీటర్ల దూరంలో చేయి పట్టి, 15 మి.మీ. దూరంలో తీగ పెట్టామనుకోండి. మన నొక్కుడు ఎనిమిది రెట్లవుతుంది. చేతితో 20 కిలోల బరువంత నొక్కితే తీగ మీద 160 కిలోలు పడుతుంది. తీగను కీలుకు ఇంకా దగ్గరగా, 12 మి.మీ.కి జరిపితే 200 కిలోలు. ఇళ్ల వైరింగులో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి రాగిని లాగి తెంచాలంటే 55 కిలోలకు కాస్త అటూ ఇటూ చాలు. 2 మి.మీ. స్ప్రింగు తీగకు 500 కిలోలకు పైనే కావాలి. కత్తిరించడానికి పట్టే బలమూ లాగి తెంచే బలమూ ఒకటి కాదు గానీ, రాగికీ స్ప్రింగు ఉక్కుకూ మధ్య ఉన్న తేడా తెలియడానికి ఈ లెక్క సరిపోతుంది. స్ప్రింగు తీగను మామూలు ప్లేయర్‌తో నొక్కి, తెగకపోతే పిడి మీద సుత్తితో కొట్టేవాళ్లుంటారు. అప్పుడు ఓడిపోయేది తీగ కాదు, అంచు.

అంచు తీగ కంటే గట్టిగా ఉండాలి. ఆ గట్టిదనం ప్లేయర్ ఒళ్లంతా ఉంటే కిందపడగానే విరుగుతుంది. అందుకే మంచి ప్లేయర్లలో ఒళ్లు ఒక మోస్తరు గట్టిగా, కాస్త సాగే గుణంతో ఉంటుంది. అంచును మాత్రం విద్యుత్ తీగచుట్ట మధ్య పెట్టి క్షణాల్లో ఎర్రగా కాల్చి, వెంటనే చల్లార్చి గట్టిపరుస్తారు. రాక్‌వెల్ కొలతలో ఒళ్లు 40ల్లో ఉంటే అంచు 60 దాటుతుంది, మేలైన వాటిలో 64 దాకా వెళ్తుంది. ఆకురాయి గట్టిదనం కూడా దాదాపు అంతే. మంచి ప్లేయర్ అంచు మీద ఆకురాయి పెడితే అరగదీయకుండా జారిపోవడం అందుకే.

సాన చక్రం మీద పెడితే? రెండు చిక్కులు. చక్రం రాపిడికి అంచు వేడెక్కి నీలిరంగు తిరిగితే, అక్కడ ఉక్కు 300 డిగ్రీల దాకా వెళ్లిందని అర్థం. ఎంతో శ్రమతో ఎక్కించిన గట్టిదనం కొంత అప్పుడే దిగిపోతుంది. రెండో చిక్కు పెద్దది. మన ఇళ్లల్లో ఉండే ప్లేయర్‌కు ముందు పట్టుకునే దవడ, దాని వెనక కత్తిరించే అంచు ఉంటాయి. దవడ కొసలూ అంచులూ దాదాపు ఒకేసారి మూసుకునేలా ఫ్యాక్టరీలో అమరుస్తారు. అంచును పావు మిల్లీమీటరు సాన పట్టారనుకోండి. దవడ కొసలు ముందే తగిలి ఆగిపోతాయి, అంచుల మధ్య సందు మిగిలిపోతుంది. అంచు పదునుగానే ఉంటుంది, తీగ మాత్రం తెగదు. కత్తిరించడానికే చేసిన నిప్పర్‌కు ముందు దవడ ఉండదు కాబట్టి, అది రెండు మూడు సానలు తట్టుకుంటుంది. అరిగిన అంచు స్థానంలో అదే ఎత్తుతో కొత్తది వచ్చి కూర్చుంటే ఈ సమస్యే లేదు. బ్లేడు మార్చే ఆలోచనకు అసలు బలం ఇక్కడుంది.

పాడైన భాగాన్నే మార్చాలన్నది ప్లేయర్ల చరిత్రలో కొత్త మాట కాదు. 1857లో చికాగోలో మథయాస్ క్లైన్ అనే జర్మన్ కమ్మరి దగ్గరికి టెలిగ్రాఫ్ లైన్‌మన్ ఒకడు విరిగిన ప్లేయర్ పట్టుకొచ్చాడట. క్లైన్ విరిగిన సగాన్ని కొత్తగా కొట్టి, మిగిలిన పాత సగానికి రివెట్టు వేసి ఇచ్చాడు. కొన్నాళ్లకు ఆ పాత సగమూ విరిగింది. దానికీ కొత్తది కొట్టి ఇవ్వడంతో పూర్తిగా క్లైన్ చేతి ప్లేయర్ ఒకటి తయారైంది. నేటి క్లైన్ టూల్స్ కంపెనీ తన పుట్టుక గురించి చెప్పుకునే కథ ఇది. అందులో గమనించాల్సింది రివెట్టు. కొత్త సగమూ పాత సగమూ సరిగ్గా కలిసేలా కమ్మరి చేత్తో సరిచేశాడు. విడి బ్లేడు కొనుక్కుని ఇంట్లో బిగించుకునేవాడి దగ్గర ఆ కమ్మరి ఉండడు.

లేత్ పనిలో ఈ సమస్యను ఎప్పుడో దాటేశారు. 1923లో జర్మనీలో కార్ల్ ష్రోటర్ టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్టుతో కలిపి గట్టి ముద్దగా కాల్చే పద్ధతి కనిపెట్టాడు. ఆయన పనిచేసిన ఓస్రామ్ సంస్థకు అది కావలసింది బల్బులోని సన్నటి టంగ్‌స్టన్ తీగను లాగే అచ్చుల కోసం. తీగ లాగడానికి పుట్టిన ఆ పదార్థం తర్వాత లోహాన్ని చెక్కే పనిలోకి వచ్చింది. మొదట దాన్ని ఉక్కు కాడకు అతికించేవారు. తర్వాత చిన్న బిళ్లలుగా చేసి, స్క్రూతో బిగించి, ఒక మూల అరిగితే ఇంకో మూలకు తిప్పుకోవడం మొదలైంది. ఇవాళ విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్‌లోనో ఏ లేత్ దగ్గరికి వెళ్లినా ‘ఇన్సర్ట్’ అంటే ఆ బిళ్లే. గట్టిదనాన్ని కొలిచే ఇంకో పద్ధతి వికర్స్. ఆ కొలతలో గట్టిపరిచిన ఉక్కు 800 దగ్గర ఆగితే, కార్బైడ్ 1,300 నుంచి 1,800 దాకా ఉంటుంది.

మరి ఆ బిళ్లనే ప్లేయర్‌లో పెడితే? పెట్టినవాళ్లున్నారు. పళ్లకు క్లిప్పులు వేసే డాక్టర్ల తీగ కటర్లలో, గట్టి తీగలకు వాడే ఖరీదైన నిప్పర్లలో కార్బైడ్ అంచులుంటాయి. చాలావాటిలో వాటిని వెండి కలిసిన సోల్డరుతో శాశ్వతంగా అతికిస్తారు. విప్పి మార్చేలా పెట్టకపోవడానికి కారణం కార్బైడ్ స్వభావమే. దాన్ని రెండు వైపుల నుంచి నొక్కితే అద్భుతంగా తట్టుకుంటుంది, వంచితే పుటుక్కుమంటుంది. లేత్‌లో బిళ్ల కింద మందపాటి ఉక్కు పీట ఉంటుంది, బలం ఎప్పుడూ ఒకే దిశలో వస్తుంది. ప్లేయర్ పట్టిన చెయ్యి మెలితిప్పుతుంది, ఊపుతుంది, తీగను పక్కకు లాగుతుంది.

కాబట్టి బ్లేడు ఎంత గొప్పదన్నది రెండో ప్రశ్న. అది కూర్చునే పీట ఎంత గట్టిదన్నది మొదటి ప్రశ్న. బ్లేడు మార్చే ప్లేయర్లు ఎక్కువగా ఓడిపోయేది ఈ పీట దగ్గరేనని నా అభిప్రాయం. 200 కిలోల ఒత్తిడి బ్లేడు వెనకభాగం మీదుగా దవడలోకి దిగాలి. అందుకు వెనక ఉక్కు గట్టు ఉండాలి. చాలా నమూనాల్లో ఆ భారం 3 మి.మీ. స్క్రూల మీద పడుతుంది. స్క్రూ ఉన్నది బ్లేడును పీటకు అదిమి ఉంచడానికే. అడ్డంగా కోత పడే బలం మోయమంటే కొన్నాళ్లకు వంగుతుంది, రంధ్రం సాగుతుంది, బ్లేడు ఆడుతుంది. నయం కావాలంటే గాడిని ఏటవాలుగా చెక్కి, నొక్కే కొద్దీ బ్లేడు గాడిలోకి ఇంకా బిగుసుకునేలా చేయాలి. అప్పుడు స్క్రూ ఊడిపోకుండా కాపలా కాస్తే చాలు. గాడి మూలలు లంబకోణంలో ఉండకూడదు. కొద్దిగా గుండ్రం తిప్పకపోతే బలమంతా మూలలో పోగుపడి, పగులు అక్కడే పుడుతుంది. పైగా దవడ అసలే చిన్నది. బ్లేడుకు చోటిస్తే దవడ పలచన, దవడను మందం చేస్తే ఇరుకు మూలల్లోకి దూరదు. బ్లేడును కీలుకు దూరంగా జరిపితే ఎనిమిది రెట్లు కాస్తా ఆరు రెట్లవుతుంది.

తర్వాతది అమరిక. ఒకే ముక్క ప్లేయర్‌లో కీలు బిగించాక, చివర్లో రెండు అంచులనూ జతగా సాన పట్టి సరిచేయవచ్చు. విడి బ్లేడ్లకు ఆ అవకాశం లేదు. పీటల లోతులో, బ్లేడ్ల ఎత్తులో, మొత్తం నాలుగు చోట్ల 0.02 మి.మీ. చొప్పున తేడా వచ్చి, అన్నీ ఒకే వైపు పడితే 0.08 మి.మీ. సందు. మందపాటి తీగకు అది లెక్కలోది కాదు. వెంట్రుకంత సన్నటి పోగులున్న ఫ్లెక్సిబుల్ వైరుకు మాత్రం కొన్ని పోగులు తెగకుండా మిగిలి వేలాడతాయి. గాడిలో రాగి పొట్టు ఒక్క రవ్వ చిక్కుకున్నా బ్లేడు ఒక పక్క లేచి అదే ఫలితం. మీ ప్లేయర్‌ను మూసి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి చూస్తే ఈ సందు ఇట్టే కనిపిస్తుంది. చాలా పాత ప్లేయర్లలో కీలు వదులై అంచులు ఒకదాని పక్కన ఒకటి పడుతుంటాయి. అలాంటి దానికి ఎంత మంచి బ్లేడు తెచ్చి వేసినా దండగే. అంచు మారేదైతే కీలు కూడా బిగించుకునేదై ఉండాలి. రివెట్టు బదులు స్క్రూ, నట్టు పెట్టక తప్పదు.

ఈ అమరిక చిక్కుకు విరుగుడు మన అడకత్తెరలోనే ఉంది. అందులో పదును పై ఆకుకే. కింది కాడ చదునుగా ఉండి పోకచెక్కను మోస్తుంది. ప్లేయర్‌లోనూ ఒక వైపు గట్టి బ్లేడు, ఎదురుగా ఇత్తడి లాంటి మెత్తటి లోహపు చదును పీట పెడితే, అంచును ఎదుటి అంచుకు వెంట్రుకవాసి తేడా లేకుండా కలపాల్సిన పని ఉండదు. బ్లేడు తనకు కావలసిన చాలును ఇత్తడిలో తానే వేసుకుంటుంది. చాలు లోతయ్యాక ఇత్తడి ముక్కను తిరగేయవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చిన దారి ఇదే. రాగి, అల్యూమినియం తీగల వరకు బాగా పనిచేస్తుంది. గట్టి ఉక్కు తీగ వస్తే మాత్రం అది బ్లేడును వదిలి ఇత్తడిలోకి కూరుకుపోతుంది.

బ్లేడు మార్చడం నిజంగా గెలిచిన చోట్లు వేరే ఉన్నాయి. ఇనుప కడ్డీలు కత్తిరించే పొడవాటి బోల్ట్ కటర్లకు దవడలు విడిగా దొరకడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. వైరు పైతొడుగు ఒలిచే ఆటోమేటిక్ స్ట్రిప్పర్లకు బ్లేడ్ల జత అమ్ముతారు. ఫ్యాక్టరీల్లో గాలి ఒత్తిడితో నడిచే నిప్పర్లకు బ్లేడు మార్చడం మామూలు సంగతి. వీటన్నిటిలో ఒళ్లు ఖరీదైనది, బ్లేడు చవక. గాలి నిప్పర్ ఒకే పనిని ఒకే దిశలో రోజంతా చేస్తుంది కాబట్టి బ్లేడు పక్కకు మెలిపడదు. దవడ పొడవుకూ మందానికీ చేతి పనిముట్టుకున్నంత కట్టుబాటు లేదు.

చేతి ప్లేయర్ లెక్క తలకిందులు. రెండు మూడు వందల రూపాయలకు వచ్చే ప్లేయర్‌లో ఖర్చంతా సాగగొట్టడం, గట్టిపరచడం, సాన పట్టడం. వందో వంతు మిల్లీమీటరు కొలతతో చెక్కిన రెండు బ్లేడ్లకూ దాదాపు అవే ఖర్చులు. రాజస్థాన్‌లోని నాగౌర్ లాంటి ఊళ్లలో చిన్న చిన్న కార్ఖానాలు గుట్టలుగా ప్లేయర్లు తీసే ధరకు, ఏ విడి బ్లేడూ దిగిరాదు. కాబట్టి ఈ మార్పు పైతరగతి నుంచే రావాలి. రోజుకు వేల కోతలు పడే ఎలక్ట్రానిక్స్ నిప్పర్లు, కార్బైడ్ అంచున్న గట్టి తీగ కటర్లు దానికి తగినవి. అక్కడ బ్లేడుకు ఒక అంచు బదులు రెండో నాలుగో అంచులు పెట్టి, లేత్ బిళ్లలా తిప్పుకునే వీలిస్తే ధర కూడా అన్ని భాగాలవుతుంది.

కొనేవాళ్లకు చూసుకోవాల్సినవి మూడు. బ్లేడు వెనక ఉక్కు గట్టు ఉందా, లేక స్క్రూల మీదే నిలబడిందా. కీలు బిగించుకునేదా, రివెట్టుదా. విడి బ్లేడ్లు జతగా అమ్ముతున్నారా, ఒక్కొక్కటిగానా. జతగా అయితేనే కొనండి. ఒక పాత అంచు ఎదురుగా ఒక కొత్తది పెడితే, పాతదాని గంటు ఉన్న చోట కొత్తదానికి ఆనుడు ఉండదు. గట్టి తీగ తగిలిన మొదటి రోజే అక్కడ చిట్లుతుంది.