తీవ్రమైన ఉబ్బసం – బయోలాజిక్ మందులు

గుండెలనిండా గాలి పీల్చి, ఒక్కసారిగా బలంగా వదిలి చూడండి. మీరు ఆరోగ్యవంతులైతే, వదలగలిగిన గాలిలో ముప్పాతిక భాగమో, అంతకు మించో మొదటి సెకనులోనే బయటికి వచ్చేస్తుంది. స్పైరోమీటర్ అనే పరికరంతో కొలిచే ఈ గాలినే వైద్యులు ఎఫ్.ఇ.వి.1 అంటారు. ఉబ్బసరోగుల్లో శ్వాసనాళాల కండరాలు బిగుసుకుని, లోపలి పొర వాచి, కఫం అడ్డుపడి ఈ అంకె పడిపోతుంది.

చాలామందికి ఇన్‌హేలర్ చాలు. సరిగ్గా వాడుతూ, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ పీల్చినా అదుపులోకి రాని ఉబ్బసాన్ని తీవ్రమైనదంటారు. అటువంటివారికోసం తయారైనవే బయోలాజిక్ మందులు. ఇవి సజీవ కణాల్లో పెంచి తీసిన యాంటీబాడీలు. 2003లో అమెరికాలో ఉబ్బసానికి అనుమతి పొందిన ఒమాలిజుమాబ్, ఎలర్జీకి మూలమైన ఐజీఇని అడ్డుకుంటుంది. 2015లో వచ్చిన మెపోలిజుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-5ను పట్టి ఉంచుతుంది. దానితో వాపును పెంచే ఇయోసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు తగ్గిపోతాయి.

మెపోలిజుమాబ్ కథ కొంచెం వివరంగా తెలుసుకోదగినది. ఇయోసినోఫిల్స్ సంఖ్యతో నిమిత్తం లేకుండా రోగులకు ఇచ్చిన ప్రయోగం ఫలితాలు 2007లో వెలువడ్డాయి. చెప్పుకోదగ్గ మేలేమీ కనబడలేదు. 2009లో ఆ కణాలు ఎక్కువగా ఉన్నవారినే ఎంచి ఇచ్చేసరికి ఆయాసం ముదిరే సందర్భాలు బాగా తగ్గాయి. 2014నాటి పెద్ద ప్రయోగంలో అవి దాదాపు సగమయ్యాయి. ఎఫ్.ఇ.వి.1 మాత్రం, మందులేని ఉత్త సూది వేయించుకున్నవారికంటే సగటున 100 మిల్లీలీటర్లే పెరిగింది. అంటే ఒక చిన్న టీ గ్లాసెడు గాలి!

ఎందుకింత తేడా? ఏళ్ళతరబడి వాచిన శ్వాసనాళపు గోడ క్రమంగా మందమవుతుంది, దాని కండరమూ పెరుగుతుంది. మందు వాపును, కఫాన్ని తగ్గించగలదు కాని, గట్టిపడిన గోడను అంత సులువుగా మార్చలేదు. కఫం ఊరడానికి కారణమైన ఇంటర్‌ల్యూకిన్-13ను కూడా ఆపే డుపిలుమాబ్‌తో ఫలితం కాస్త మెరుగు. 2018నాటి ప్రయోగంలో, మైక్రోలీటరు రక్తంలో 300 లేదా అంతకుమించి ఇయోసినోఫిల్స్ ఉన్నవారిలో 12 వారాలకే ఈ పెరుగుదల 200 మిల్లీలీటర్లు దాటింది. ఇవన్నీ సగటులేనని గుర్తుంచుకోండి. కొందరికి ఇంకా ఎక్కువ పెరుగుతుంది, కొందరికి ఏమీ పెరగదు.

అలా పెరగనివారికి మందు వృథా అనుకోవద్దు. 2014లోనే జరిగిన మరో ప్రయోగంలో, రోజూ స్టెరాయిడ్ మాత్రలు మింగే రోగులు మెపోలిజుమాబ్ మొదలుపెట్టాక ఆ మోతాదును సుమారు సగానికి తగ్గించుకోగలిగారు. ఏళ్ళతరబడి ఆ మాత్రలు వాడితే ఎముకలు గుల్లబారతాయి, మధుమేహం రావచ్చు. స్పైరోమీటర్‌లో ఈ లాభం కనిపించదు.